కారుకు కాయిలోవర్లు.. ఎవరికి మేలు? ఎవరికి భారం?

లక్ష ఖర్చు చేసే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి
కంపెనీ రకం షాక్ అబ్జార్బర్లతోనే తీరే సమస్యలు ఎక్కువ
ఎత్తు తగ్గిస్తే మన స్పీడ్ బ్రేకర్ల దగ్గర తిప్పలు

విజయవాడ: ఏడెనిమిదేళ్లు వాడిన చిన్న కారు. మలుపు తిరిగితే ఒక పక్కకు ఒరుగుతోంది. స్పీడ్ బ్రేకర్ దిగాక రెండు మూడుసార్లు ఊగుతోంది. గతుకులో పడితే ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు వస్తోంది. సస్పెన్షన్ బాగు చేయించాలని యజమాని ఆటోనగర్‌కు వెళితే రెండు దారులు కనిపిస్తాయి. కంపెనీ బిగించిన రకం షాక్ అబ్జార్బర్లనే కొత్తవి వేయించుకోవడం మొదటిది. రబ్బరు భాగాలు, కూలీ కలుపుకొన్నా చిన్న కార్లకు సాధారణంగా పదిహేను, ఇరవై వేల రూపాయల్లో ముగిసే పని ఇది. కాయిలోవర్లు బిగించుకోవడం రెండోది. కారును, తయారీని బట్టి వీటికి అరవై, డెబ్బై వేల నుంచి లక్షన్నర వరకు, ఒక్కోసారి అంతకు మించి ఖర్చవుతుంది.

కారు నేలకు దగ్గరై చూడముచ్చటగా కనిపిస్తుందని, మలుపుల్లో ఒరగదని, అధిక వేగంలోనూ రోడ్డును అంటిపెట్టుకుని సాగుతుందని విని యువకులు రెండో దారి వైపు మొగ్గు చూపుతున్నారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. అయితే అదే కారులో వారాంతంలో తల్లిదండ్రులను ఊరికి తీసుకెళ్లాలి, పండక్కి సామానుతో సహా అయిదుగురు ప్రయాణించాలి, వానాకాలంలో గుంతలు దాటాలి. ఈ అవసరాలన్నీ లెక్కలోకి తీసుకోకుండా కొన్నవారు కొన్ని నెలలకే పాత భాగాలు వెతుక్కోవాల్సి వస్తుంది. కాబట్టి కాయిలోవర్ అంటే ఏమిటో, అది దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో ముందే తెలుసుకోవడం మేలు.

స్ప్రింగుది ఒక పని.. డంపర్‌ది మరొకటి

కారు బరువును మోసేది స్ప్రింగు. చక్రం గతుకులో పడినా, గుట్ట ఎక్కినా కుదించుకుని, సాగి ఆ దెబ్బను తనలోకి తీసుకుంటుంది. అయితే స్ప్రింగుకు ఒక గుణం ఉంది. ఒకసారి కదిలితే వెంటనే ఆగదు, ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగును ఆపేది షాక్ అబ్జార్బర్. దీనినే డంపర్ అంటారు. దీని గొట్టంలో నూనె ఉంటుంది. పిస్టన్ కదిలినప్పుడు ఆ నూనె సన్నని రంధ్రాల గుండా వెళ్లాల్సి వస్తుంది. ఆ ఒరిపిడిలో ఊగులోని శక్తి వేడిగా మారి బయటకు పోతుంది. పేరులో 'షాక్' ఉన్నా దెబ్బను మోసేది స్ప్రింగే. షాక్ అబ్జార్బర్ ఆ తర్వాతి ఊగును అదుపు చేస్తుంది.

అంబాసిడర్ కార్లకు వెనుక కమాన్ కట్టలు ఉండేవి. 1983లో మారుతీ 800 రాకతో ముందు చక్రాలకు మాక్‌ఫర్సన్ స్ట్రట్ మన రోడ్లపై సాధారణమైంది. అమెరికా ఇంజినీరు ఎర్ల్ మాక్‌ఫర్సన్ రూపొందించిన ఈ పద్ధతిలో స్ప్రింగు, డంపర్ ఒకే నిలువు కడ్డీగా కలిసిపోతాయి. నేడు మనం చూసే చిన్న కార్లలో అత్యధికం ముందు వైపు ఈ పద్ధతివే.

కాయిలోవర్ అంటే..

డంపర్ చుట్టూ కాయిల్ స్ప్రింగు చుట్టి ఉండే అమరికకే కాయిలోవర్ అని పేరు. ఆ లెక్కన మామూలు స్ట్రట్ కూడా ఒక రకం కాయిలోవరే. అయితే దుకాణాల్లో ఆ పేరుతో అమ్మేది సర్దుబాటుకు వీలున్న ప్రత్యేకమైన సెట్టును. దీని డంపర్ గొట్టానికి బయటివైపు మరలు ఉంటాయి. స్ప్రింగు కూర్చునే గిన్నెను ఆ మరలపై తిప్పి పైకీ కిందికీ జరపవచ్చు. అలా కారు ఎత్తును తగ్గించుకోవచ్చు, కొంత పెంచుకోవచ్చు. ఖరీదైన సెట్లలో డంపర్ బిగువును మార్చే మీట ఉంటుంది. చక్రం వంపును సరిచేసే పై పలకలు కూడా కొన్నింటితో వస్తాయి.

ఎత్తు తగ్గించే విధానాలు రెండు. గిన్నెను కిందికి దించడం ఒకటి. ఇందులో కారు దిగుతుంది కానీ డంపర్ లోపల పిస్టన్ కదలడానికి మిగిలే చోటు కూడా తగ్గిపోతుంది. ఉదాహరణకు పిస్టన్ కిందికి దిగడానికి 80 మిల్లీమీటర్ల చోటు ఉన్న కారును 40 మిల్లీమీటర్లు దించితే సగమే మిగులుతుంది. పెద్ద గుంతలో ఆ సగం చాలదు. పిస్టన్ చివరి రబ్బరు దిమ్మెకు తగిలి, దెబ్బ నేరుగా బాడీకి చేరుతుంది. డంపర్ అడుగు బ్రాకెట్‌ను మరలపై జరిపి మొత్తం కడ్డీ పొడవునే తగ్గించడం రెండో విధానం. ఇందులో పిస్టన్ చోటు తగ్గదు. కొనేవారు తప్పక అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. అయితే రెండో విధానంలోనూ చక్రానికి, పైనున్న మడ్‌గార్డుకు మధ్య దూరం మాత్రం తగ్గుతుంది.

మరో సంగతి. అనేక చిన్న కార్లలో వెనుక ఇరుసు ఒకే దూలంగా ఉండి, స్ప్రింగు ఒకచోట, డంపర్ ఇంకోచోట విడిగా ఉంటాయి. ఇలాంటి కార్లకు కాయిలోవర్ సెట్టు కొన్నా వెనుక వైపు వచ్చేది విడి స్ప్రింగు, దాని కింద ఎత్తు మార్చే గిన్నె, విడి డంపరే. నాలుగు మూలలా ఒకే రకం అమరిక వస్తుందనుకుంటే పొరపాటు.

లెక్క వేసి చూస్తే..

కాయిలోవర్లతో వచ్చే స్ప్రింగులు సాధారణంగా కంపెనీ స్ప్రింగుల కంటే బిరుసుగా ఉంటాయి. ఈ బిరుసును మిల్లీమీటరుకు ఎన్ని కిలోలు అనే లెక్కలో చెబుతారు. 2 కిలోల స్ప్రింగు అంటే దానిని ఒక మిల్లీమీటరు కుదించడానికి 2 కిలోల బరువు కావాలని అర్థం. ఒక్కో చక్రంపై 250 కిలోల బరువు పడే చిన్న కారును ఉదాహరణగా తీసుకుందాం. 2 కిలోల స్ప్రింగు ఈ బరువుకు 125 మిల్లీమీటర్లు కుదించుకుంటుంది. అదే 5 కిలోల స్ప్రింగు అయితే 50 మిల్లీమీటర్లే.

దీని ప్రభావం ప్రయాణంపై నేరుగా పడుతుంది. 2 కిలోల స్ప్రింగుపై ఆ కారు సెకనుకు సుమారు 1.4 సార్లు ఊగే స్వభావంతో ఉంటుంది. 5 కిలోల స్ప్రింగుపై ఇది 2.2కు పెరుగుతుంది. సెకనుకు ఒకటి నుంచి ఒకటిన్నర సార్లు ఊగే కారు మనిషి శరీరానికి హాయిగా ఉంటుంది. రెండు దాటితే అది పందెం కార్ల స్వభావానికి దగ్గరవుతుంది. నున్నటి ట్రాకుపై అది గొప్ప గుణమే. ప్యాచ్ వర్కులు చేసిన రోడ్డుపై మాత్రం నడుము నొప్పి ఉన్న పెద్దవారికి ప్రతి కిలోమీటరూ తెలిసివస్తుంది.

మలుపుల్లో ఒరుగు విషయంలోనూ ఒక అపోహ ఉంది. బిరుసు స్ప్రింగులు వేస్తే కారు ఒరగడం తగ్గుతుంది కానీ, మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారే బరువు దాదాపు అంతే ఉంటుంది. అది కారు బరువు, గురుత్వ కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య దూరం, వేగాన్ని బట్టి నిర్ణయమవుతుంది. అంతిమంగా రోడ్డును పట్టుకునేది టైరు. అరిగిన టైర్లతో ఖరీదైన కాయిలోవర్లు వేసిన కారు, మంచి టైర్లు, మంచి డంపర్లు ఉన్న మామూలు కారు కంటే తడి రోడ్డుపై ముందే జారుతుంది. ఒరగడం లేదన్న ధీమాతో వేగం పెంచితే ఆ ప్రమాదం మరింత పెరుగుతుంది.

డెల్టా రోడ్లతో పేచీ

కృష్ణా డెల్టాలో గుడివాడ, అవనిగడ్డ వైపు ప్రయాణించే వారికి రోడ్డు అలలు కొత్త కాదు. నల్లమట్టి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని పగుళ్లిస్తుంది. దానిపై వేసిన రోడ్డు గుంతలు పడకపోయినా కాలక్రమంలో ఎత్తుపల్లాలుగా మారుతుంది. ఇలాంటి దారిలో ప్రతి 12 మీటర్లకు ఒక అల ఉందనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 1.4 అలలు దాటుతుంది. పైన చెప్పుకున్న మామూలు కారు ఊగే లెక్క కూడా అదే. రెండూ కలిసినప్పుడు ఊయలను సరిగ్గా సమయానికి తోసినట్లు ప్రతి అలకూ ఊగు పెరుగుతుంది. దానిని ఆపగలిగేది డంపర్ ఒక్కటే. డంపర్ అరిగిపోయిన కారు ఇలాంటి చోట పడవలా లేచి పడుతుంటే, లోపం స్ప్రింగులో ఉందని పొరబడి చాలామంది బిరుసు స్ప్రింగుల కోసం వెతుకుతారు.

బిరుసు స్ప్రింగు వేస్తే ఈ ఇబ్బంది పూర్తిగా పోదు. 2.2 సార్లు ఊగే కారుకు అదే అలల రోడ్డుపై గంటకు 95 కిలోమీటర్ల వేగం దగ్గర ఆ పరిస్థితి ఎదురవుతుంది. అంటే ఊగు తక్కువ వేగం నుంచి ఎక్కువ వేగానికి మారుతుంది. స్ప్రింగుకు తగిన బిగువు ఉన్న మంచి డంపర్ తోడైతేనే అది అదుపులో ఉంటుంది. చవక సెట్లలో స్ప్రింగు బిరుసుగా ఉండి, డంపర్ దానికి చాలకపోవడమే ప్రధాన లోపం.

స్పీడ్ బ్రేకర్లే అసలు పరీక్ష

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ప్రమాణాల ప్రకారం గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి ఉద్దేశించిన స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపుతో ఉండాలి. ఇంత నిదానమైన వంపుపై రెండున్నర మీటర్ల చక్రాల దూరం గల చిన్న కారు నడిమధ్యన నిలిచినా, చక్రాల మట్టం కంటే దిమ్మె సుమారు నాలుగున్నర సెంటీమీటర్లే పైకి పొడుచుకువస్తుంది. దించిన కారు సైతం దీనిని సులువుగానే దాటుతుంది.

గ్రామాల్లో, కాలనీల్లో కనిపించేవి వేరు. స్థానికులు ఎవరికి వారు పోసిన సిమెంటు దిమ్మెలు మీటరు వెడల్పైనా లేకుండా 15 సెంటీమీటర్ల ఎత్తున ఉంటాయి. ముందు, వెనుక చక్రాల మధ్యకు ఆ దిమ్మె వచ్చినప్పుడు మొత్తం 15 సెంటీమీటర్లూ కారు పొట్ట కిందే ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు 165 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ గల కారులో మనుషులు, సామాను కలిపి 300 కిలోల బరువు ఎక్కితే, ఒక్కో చక్రంపై సగటున 75 కిలోలు చేరతాయి. 2 కిలోల స్ప్రింగు దానికి 37 మిల్లీమీటర్లు దిగుతుంది. మిగిలేది 128 మిల్లీమీటర్లే. అంటే నిండుగా ఉన్న మామూలు కారుకే ఆ దిమ్మె తగులుతుంది. ఏటవాలుగా, ఒక్కో చక్రాన్నే ఎక్కిస్తూ దాటించడం డ్రైవర్లకు అలవాటైంది అందుకే.

ఇదే కారును కాయిలోవర్లతో 40 మిల్లీమీటర్లు దించితే ఖాళీగా ఉన్నప్పుడే 125 మిల్లీమీటర్లు ఉంటుంది. బిరుసు స్ప్రింగు కాబట్టి నిండు బరువుకు 15 మిల్లీమీటర్లే దిగినా మిగిలేది 110. సైలెన్సర్ గొట్టం, ఇంజిన్ ఆయిల్ ఛాంబర్ దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. ఛాంబర్ పగిలి ఆయిల్ కారిపోయినా గమనించకుండా నడిపితే ఇంజిన్ పట్టేస్తుంది. అప్పుడయ్యే ఖర్చు కాయిలోవర్ల ఖర్చును మించిపోతుంది. ఎత్తు తగ్గించకుండా కాయిలోవర్లు వాడితే ఈ సమస్య చాలావరకు ఉండదు. అయితే ఎత్తు తగ్గించడం కోసమే వాటిని కొనేవారు ఎక్కువ.

ముందు లోపం తేల్చాలి

సస్పెన్షన్ మార్పించాలన్న ఆలోచన వచ్చిన వెంటనే కొత్త భాగాల ధరలు అడగడం కంటే, ఉన్న కారును పరీక్షించడం అవసరం. ముందుగా నాలుగు టైర్లలో గాలి చూడాలి. ఎంత ఉండాలో డ్రైవర్ వైపు తలుపు దగ్గర అంటించిన పట్టీపై ఉంటుంది. గాలి తక్కువైతే కారు మలుపులో తేలుతున్నట్లు ఉంటుంది. ఎక్కువైతే ప్రతి గతుకూ తెలుస్తుంది. టైరు అంచున చేయి పెట్టి తడిమినప్పుడు మిట్టలు, పల్లాలుగా అరిగి ఉంటే డంపర్ చక్రాన్ని రోడ్డుపై నిలపలేకపోతోందని అనుమానించాలి.

తర్వాత కారు ఒక్కో మూలను చేతులతో బలంగా కిందికి నొక్కి వదలాలి. పైకి లేచి ఒకసారి సర్దుకుని నిలిస్తే మంచిది. రెండు మూడుసార్లు ఊగితే డంపర్ పని అయిపోయినట్లే. ఇది స్థూలమైన పరీక్ష మాత్రమే. ఇందులో నెగ్గినా డంపర్ బాగుందని పూర్తిగా చెప్పలేం. డంపర్ గొట్టంపై నూనె చారలు ఉన్నాయేమో చూడాలి. సన్నని తేమ సహజమే. కారి దుమ్ము అంటుకుని జిడ్డుగా ఉంటే మార్చాల్సిందే.

టకటకమనే చప్పుడుకు కారణం చాలాసార్లు డంపర్ కాదు. లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్షులు, బాల్ జాయింట్లు, స్ట్రట్ పైన ఉండే మౌంటు అరిగినా అదే శబ్దం వస్తుంది. వీటిలో కొన్ని కొన్ని వందల రూపాయలతో తీరిపోయేవి. ఇవి అరిగి ఉండగా లక్ష రూపాయల కాయిలోవర్లు బిగించినా ఆ చప్పుడు అలాగే ఉంటుంది. పైగా బిరుసు స్ప్రింగులు ఆ బుష్షులపై మరింత ఒత్తిడి పెంచుతాయి. కారును లిఫ్టుపైకి ఎక్కించి, ఇనుప కడ్డీతో ఒక్కో కీలు కదిపి చూపించమని మెకానిక్‌ను అడగడంలో తప్పు లేదు.

యాభై, అరవై వేల కిలోమీటర్లు తిరిగిన కారు కొత్తప్పుడు ఎలా నడిచేదో యజమానికి గుర్తుండదు. డంపర్లు ఒక్కరోజులో పాడవవు. కొద్ది కొద్దిగా బలహీనపడుతుంటే డ్రైవర్ దానికి అలవాటు పడిపోతాడు. అలాంటి కారుకు కాయిలోవర్లు వేసిన రోజున కనిపించే గొప్ప మార్పులో పెద్ద భాగం కొత్త డంపర్, కొత్త మౌంటు, కొత్త బుష్షులదే. అదే మార్పు కంపెనీ రకం కొత్త భాగాలతోనూ వచ్చేది. ఒకరి కారు నడిపి చూసి, కాయిలోవర్లు కొనాలని తీర్మానించుకునే వారు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

మధ్యే మార్గాలు ఉన్నాయి

కంపెనీ రకం భాగాలన్నీ కొత్తవి వేసినా ఒరుగు ఎక్కువనిపిస్తే వెంటనే కాయిలోవర్లకు వెళ్లనవసరం లేదు. కంపెనీ స్ప్రింగులను ఉంచి, వాటికి సరిపడే కాస్త బిగువైన డంపర్లు కొన్ని కార్లకు దొరుకుతాయి. పట్టు బాగుండే టైర్లు మార్చుకోవడం మరో దారి. అదే కారులో పై రకం మోడల్‌కు కంపెనీ లావుపాటి యాంటీ రోల్ బార్ ఇచ్చి ఉంటే దానిని అమర్చుకునే వీలుందేమో విచారించవచ్చు. ఇది రెండు పక్కల చక్రాలను కలిపి ఒరుగును తగ్గిస్తుంది. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కే స్పీడ్ బ్రేకర్ దగ్గర మాత్రం కుదుపు పెంచదు.

తక్కువ ఖర్చులో ఎత్తు తగ్గించాలని ఉన్న స్ప్రింగులనే ఒక చుట్టు కోయించడం మాత్రం ప్రమాదకరం. స్ప్రింగు చివరి చుట్టు తన గిన్నెలో సరిగ్గా కూర్చునేలా తయారై ఉంటుంది. కోసిన చివర అలా కూర్చోదు. చక్రం గాలిలో లేచినప్పుడు స్ప్రింగు గిన్నెలోంచి పక్కకు తొలగే ముప్పు ఉంది. గ్యాస్ కట్టరుతో కోస్తే ఆ వేడికి ఉక్కు గుణం మారి, తర్వాత విరిగే అవకాశం ఉంటుంది. గ్రౌండ్ క్లియరెన్స్ పెంచడానికి స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు దిమ్మెలు ఇరికించడం కూడా ఇలాంటిదే. ఆ చుట్లు పనిచేయకుండా పోయి, మిగిలిన చుట్లపై భారం పెరుగుతుంది.

నిజంగా మేలు ఎవరికి?

కాయిలోవర్లు పనికిరానివని చెప్పడానికి వీల్లేదు. ట్రాకుపై కారు నడిపేవారికి అవి నిజంగా అవసరం. ఒక్కో చక్రంపై పడే బరువును గిన్నె తిప్పి సమం చేసుకోవచ్చు. ట్రాకును బట్టి డంపర్ బిగువు మార్చుకోవచ్చు. చక్రం వంపు సరిచేసి టైరు అరుగుదలను అదుపు చేయవచ్చు. స్ప్రింగులు మాత్రమే మార్చుకోవచ్చు. మంచి తయారీవైతే డంపర్లను విప్పి నూనె, సీళ్లు మార్చి మళ్లీ వాడుకోవచ్చు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగినా అది తాత్కాలికంగా వేసిన వీధి ట్రాకు. శాశ్వత ట్రాకుల్లో ఒకటి చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. ఏడాదికి కొన్నిసార్లైనా అలాంటి చోట్ల కారు నడపని వారికి సర్దుబాటు మీటలు ఒకసారి తిప్పి మరిచిపోయే వస్తువులే.

ఒక్కరే లేదా ఇద్దరే తిరుగుతూ, ఎక్కువ ప్రయాణం హైదరాబాద్ జాతీయ రహదారి వంటి నున్నటి దారులపై సాగుతూ, ఇంట్లో కుటుంబం కోసం మరో వాహనం ఉన్నవారు కూడా వీటిని ఆలోచించవచ్చు. అప్పటికీ ఎత్తు తగ్గింపు పాతిక మిల్లీమీటర్లు మించకుండా, స్ప్రింగు మరీ బిరుసు కాకుండా చూసుకోవడం మంచిది. ఒక్క కారే ఇంటి అవసరాలన్నిటికీ ఆధారమైన వారికి, రోజూ పల్లె దారుల్లో తిరిగేవారికి, తరచూ నిండుగా ప్రయాణించేవారికి ఇది తగిన ఎంపిక కాదు.

తీర ప్రాంతం వారికి మరో చిక్కు ఉంది. మచిలీపట్నం, బాపట్ల, కాకినాడ, విశాఖపట్నం వంటి చోట్ల ఉప్పుగాలికి మరలు తుప్పు పడతాయి. వానాకాలపు బురద వాటిలో చేరి గట్టిపడుతుంది. అప్పుడు తిప్పితే గిన్నె కదలదు. బలవంతం చేస్తే మరలు పోతాయి. ఎప్పటికప్పుడు కడిగి, తుడిచి, తుప్పు నిరోధక పూత రాసే ఓపిక ఉన్నప్పుడే సర్దుబాటు వీలు నిలుస్తుంది. సీలు పోతే బాగు చేసేవారు, విడిభాగాలు జిల్లాలోనే దొరుకుతాయా, వేరే నగరానికి పంపాలా అన్నది కొనే ముందే కనుక్కోవాలి. ఆ వారం, పది రోజులు కారు మూలన ఉండాల్సిందే.

బిగింపులో జాగ్రత్తలు

వస్తువు మంచిదైనా బిగింపు సరిగ్గా లేకపోతే ఫలితం ఉండదు. కారు ఎత్తు నాలుగు మూలలా కొలిచి రాసుకోవాలి. లాక్ నట్లను తయారీదారు చెప్పిన బిగువుకే టార్క్ రెంచితో బిగించాలి. లోయర్ ఆర్మ్ బుష్షుల బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగించకూడదు. కారు బరువు చక్రాలపై ఉన్నప్పుడే బిగించాలి. లేకపోతే బుష్షు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది. ఎత్తు మారితే చక్రాల కోణాలు మారతాయి కాబట్టి వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. అది చేయించకపోతే కొత్త టైర్లు కొద్ది నెలల్లోనే ఒక అంచున అరిగిపోతాయి. హెడ్‌లైట్ల దిశ కూడా సరిచూసుకోవాలి. ముందు భాగం దిగితే వెలుగు దగ్గర్లోనే పడి రాత్రిపూట దూరం కనిపించదు. వెనుక భాగం దిగితే ఎదుటివారి కళ్లలో పడుతుంది. వెయ్యి కిలోమీటర్ల లోపు మరోసారి బోల్టులన్నీ పరీక్షించుకోవాలి.

విప్పిన కంపెనీ భాగాలను పాత సామాను వారికి అమ్మేయకుండా దాచుకోవడం మంచిది. కారు అమ్మేటప్పుడు కొనేవారిలో చాలామంది అసలు భాగాలే కోరుకుంటారు.

చట్టం, బీమా మరువరాదు

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నంగా మారేలా వాహనంలో మార్పులు చేయరాదు. కేరళకు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నిబంధనను స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో 182ఎ సెక్షన్ చేరింది. అనుమతి లేని విధంగా వాహనాన్ని మార్చినా, విడిభాగాలు అమర్చినా యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా రెండూ విధించే వీలు దీనితో కలిగింది. అరిగిన భాగం స్థానంలో అదే రకం కొత్తది వేయడానికి, కారు ఎత్తునే మార్చడానికి చట్టం దృష్టిలో తేడా ఉంటుందని గ్రహించాలి. మార్పు చేయించే ముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించి, వీలైతే రాతపూర్వకంగా తెలుసుకోవడం ఉత్తమం.

బీమా విషయంలోనూ అంతే. చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం తర్వాత బయటపడితే క్లెయిమ్‌పై వివాదం తలెత్తవచ్చు. బీమా సంస్థకు ముందే తెలియజేసి, వారి జవాబును పాలసీ పత్రంతో పాటు భద్రపరచుకోవాలి. వారంటీలో ఉన్న కారుకైతే సస్పెన్షన్, స్టీరింగ్ భాగాలపై కంపెనీ బాధ్యత తీసుకోకపోవచ్చు.

నిర్ణయానికి ముందు

తుది నిర్ణయానికి ముందు యజమాని తనకు తాను కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. కారులో తనకు కనిపిస్తున్న లోపం ఏమిటి? టైర్లు, బుష్షులు, డంపర్లు పరీక్షించడం అయిందా? నెలలో ఎన్ని రోజులు నిండుగా ప్రయాణం చేస్తారు? ఇంటికి వెళ్లే దారిలో ఎత్తయిన దిమ్మెలు ఎన్ని ఉన్నాయి? ఎత్తు, బిగువు సర్దుబాటు చేయాల్సిన అవసరం నిజంగా వస్తుందా? చెడిపోతే బాగు చేసేవారు దగ్గరలో ఉన్నారా? రవాణా శాఖ, బీమా సంస్థ ఏమంటున్నాయి?

వీటిలో మొదటి రెండు ప్రశ్నల దగ్గరే చాలామంది సమస్య తీరిపోతుంది. ముందు కంపెనీ రకం కొత్త డంపర్లు, మౌంట్లు, బుష్షులు వేయించి, అలైన్‌మెంట్ చేయించి రెండు మూడు నెలలు నడిపి చూడాలి. దానికయ్యే ఖర్చు కాయిలోవర్ల ఖర్చులో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. అప్పటికీ కారు తన అవసరానికి చాలడం లేదని స్పష్టంగా తెలిస్తే, ఏది ఎంత మారాలో యజమానికి కచ్చితంగా అర్థమవుతుంది. ఆ స్పష్టత వచ్చాక కొన్న కాయిలోవర్లు ఖర్చుకు తగిన ఫలితం ఇస్తాయి. ఆలోపే కొంటే లక్ష పోసినా పాత టకటక చప్పుడు వినిపిస్తూనే ఉండవచ్చు. వెనుక సీట్లో కూర్చునే పెద్దలకు ప్రయాణమే భారం కావచ్చు.